సదస్సుకు సలహాదారులు ఎందరుండాలి? ఏం చేయాలి?

విశాఖలో నవంబరు దాటితే సదస్సుల కాలం. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలుకొని రుషికొండ, మధురవాడ, సబ్బవరం దాకా ఏదో ఒక ప్రాంగణంలో స్వాగత తోరణం కనిపిస్తూనే ఉంటుంది. ఈసారి మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పారితోషికం లేకుండా సదస్సుకు దారి చూపే సలహా సంఘాల గురించే. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కళాశాలలో వచ్చే ఏడాది రెండు రోజుల అంతర్జాతీయ సదస్సు పెడుతున్నాం. 250 మంది వస్తారని అంచనా. పోయినసారి బ్రోషర్‌లో జాతీయ, అంతర్జాతీయ సలహా సంఘాలు కలిపి 48 పేర్లు వేశాం. ఏడాది మొత్తంలో ఒక్కసారి మీటింగు పెడితే నలుగురు వచ్చారు. ఈసారి ఆ సంఘమే లేకుండా చేసేద్దామా?
— ఒక కన్వీనర్, మధురవాడ

జవాబు: తీసేయకండి, తగ్గించండి. 48 మందికి ఒకే మెయిల్ వెళ్తే 'మిగతావాళ్లు చూసుకుంటార్లే' అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. పైగా ఆ మెయిల్లో 'మీ అమూల్యమైన సలహాలు కోరుతున్నాం' అని తప్ప దేని మీద సలహా కావాలో ఉండదు. ఎంత పెద్దమనిషైనా దానికేం రాస్తారు?

మీ సదస్సు పరిమాణానికి ఏడుగురు చాలు, తొమ్మిది మందికి మించనివ్వకండి. ఇద్దరు మీ అంశంలోనే పనిచేస్తున్న రాష్ట్రేతరులు ఉండాలి. గత మూడేళ్లలో ఇంత సదస్సునే స్వయంగా నడిపినవారు ఒకరు తప్పనిసరి, ఎందుకంటే ఎక్కడ డబ్బు కారిపోతుందో, ఎక్కడ సమయం పోతుందో తెలిసేది వాళ్లకే. పరిశ్రమ నుంచో పరిశోధనశాల నుంచో ఒకరు కావాలి. స్టీల్ ప్లాంటు, పోర్టు, రిఫైనరీ, పరవాడ ఫార్మా కంపెనీలు, నౌకాదళ పరిశోధనశాల ఉన్న ఊళ్లో వీరికోసం దూరం వెళ్లనక్కర్లేదు. ప్రచురణ సంగతులు తెలిసిన లైబ్రేరియన్ ఒకరు, విదేశంలో ఉన్నవారు ఒకరు, కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకరు. అధ్యక్ష స్థానంలో మీ ప్రిన్సిపాల్ గారిని కూర్చోబెట్టకండి. ఆయన ఎంత మంచివారైనా సొంత లెక్చరర్లు ఆయన ముందు 'ఇది వద్దండీ' అనలేరు. ఆయనకు ప్యాట్రన్‌గా గౌరవం ఎలాగూ ఉంటుంది.

పిలిచేటప్పుడు ఫోన్లో 'మీ పేరు వేసుకుంటాం సార్' అనడంతో సరిపెట్టకుండా ఒక పేజీ ఉత్తరం పంపండి. పదవీకాలం 14 నెలలు, నాలుగు ఆన్‌లైన్ మీటింగులు, అన్నీ కలిపి మహా అయితే 12 గంటల పని, పారితోషికం లేదు, పేరు బ్రోషర్‌లో వేయడానికి మీకు సమ్మతమేనా? ఇంతే ఉండాలి. 'అంత తీరిక లేదు' అని ఇద్దరు ముగ్గురు తప్పుకుంటారు. తప్పుకోనివ్వండి. ఆ ఉత్తరం వల్ల కలిగే మొదటి లాభం అదే.

అడగాల్సినవి నాలుగు: అంశం హద్దులు, ముఖ్య వక్తలు, తేదీలు, ఎన్ని పరిశోధన పత్రాలు తీసుకోవాలి. కిట్ బ్యాగు రంగు, భోజనంలో ఎన్ని కూరలు అన్నవి వాళ్ల ముందు పెట్టొద్దు. పెడితే చర్చంతా వాటి మీదే జరుగుతుంది, ఎందుకంటే వాటి మీద అందరికీ అభిప్రాయాలుంటాయి. మొదటి మీటింగులో తేలాల్సింది అంశం హద్దు. 'ఇంజినీరింగ్, సైన్స్, మేనేజ్‌మెంట్‌లలో రీసెంట్ ట్రెండ్స్' అని పేరు పెడితే అన్ని శాఖల నుంచీ పత్రాలు వస్తాయి, కానీ ఒకే గదిలో కూర్చున్న ఆరుగురిలో ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాదు. ప్రశ్నలు రావు, మధ్యాహ్నానికి హాలు ఖాళీ అవుతుంది. దాన్ని 'తీరప్రాంత కట్టడాల్లో తుప్పు' అనో, 'ఓడరేవుల్లో సరకు రవాణా' అనో కుదించమని చెప్పే ధైర్యం బయటివారికి ఉంటుంది. లోపలివారికి అన్ని విభాగాధిపతులనూ మెప్పించాల్సిన ఇబ్బంది ఉంటుంది.

ప్రతి మీటింగుకు వారం ముందు రెండు పేజీల నోటు పంపండి. అందులో మూడే ప్రశ్నలుండాలి. 'వక్తలను సూచించండి' అని అడగొద్దు. 'ఈ ఆరుగురిని అనుకుంటున్నాం, వరుస చెప్పండి, మేం మరచిన వారిని ఇద్దరిని చేర్చండి, వారిలో ఒకరైనా మహిళ అయితే బాగుంటుంది' అని అడగండి. మీటింగు గంటకు మించకూడదు. నిర్ణయాలు 48 గంటల్లో అందరికీ చేరాలి. ఒక రిజిస్టరు పెట్టి ఏ సలహా ఎవరిచ్చారు, పాటించామా లేదా, లేకపోతే ఎందుకు అన్నది రాయండి. తమ మాట ఏమైందో తెలియని మనిషి రెండో మీటింగుకు రాడు. మీ దగ్గర నలుగురే మిగలడానికి ఇదీ ఒక కారణమై ఉండొచ్చు.

ఇక క్యాలెండరు. సదస్సు జనవరి 22, 23 అనుకుందాం. అంతకు ముందు ఫిబ్రవరికే సంఘం ఏర్పడాలి. మార్చి చివర ప్రకటన, జూలై 31 పత్రాలకు గడువు, ఆగస్టు, సెప్టెంబరు నెలలు పరిశీలనకు, అక్టోబరు 5న ఫలితాలు, నవంబరు 5న రిజిస్ట్రేషన్ ముగింపు, నవంబరు 15కి కార్యక్రమ పట్టిక. ఈ ఆఖరి తేదీకి గట్టి కారణం ఉంది. రైల్వే రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. జనవరి 21న బయలుదేరే మనిషికి నవంబరు 22న టికెట్లు మొదలవుతాయి. తన పత్రం ఏ రోజో ఆపాటికి తెలియకపోతే, సంక్రాంతి ముగించుకుని తిరిగే జనం మధ్య వెయిటింగ్ లిస్టు పట్టుకుని నిలబడాల్సిందే. రిజిస్టర్ చేసుకుని కూడా రానివాళ్లలో చాలామంది ఇలా ఆగిపోయినవాళ్లే.

ప్రశ్న: నేను రిటైరైన ప్రొఫెసర్‌ని. నన్ను అడగకుండానే ఒక సదస్సు వెబ్‌సైట్లో నా పేరు, ఫోటో సలహా సంఘంలో పెట్టారు. ఒక విద్యార్థిని ఫోన్ చేసి 'మీరున్నారని ఫీజు కట్టాను సార్' అంటే గానీ నాకు తెలియలేదు. ఏం చేయాలి?
— పెదవాల్తేరు

జవాబు: ముందు ఆ పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. అదే రోజు నిర్వాహకులకు మెయిల్ రాయండి. ఫోన్లో చెబితే ఆధారం మిగలదు. 'నా అనుమతి లేదు, ఏడు రోజుల్లో తొలగించండి, తొలగించాక నాకు రాతపూర్వకంగా తెలపండి' అన్న మూడు ముక్కలు చాలు. కాపీ ఆ సంస్థ అధిపతికి, సదస్సు వ్యాసాలను అచ్చువేస్తామని చెప్పుకున్న ప్రచురణ సంస్థకూ వెళ్లాలి. నిర్వాహకుల్ని కదిలించేది ఎక్కువగా ఆ రెండో కాపీయే. మీ పాత విభాగానికీ, పరిశోధక విద్యార్థుల వాట్సాప్ గ్రూపులకూ మీరు ఆ సంఘంలో లేరని ఒక వాక్యం పంపండి. ఆ విద్యార్థిని ఫీజు వెనక్కి అడిగేటప్పుడు మీ మెయిల్ కాపీ జతచేయమనండి.

ఫీజుల కోసమే నడిచే బూటకపు సదస్సులు బతికేది ఇలాంటి పేర్ల మీదే. మూడు నాలుగు రోజుల్లోనే పత్రాన్ని ఆమోదిస్తామనడం, ఒకే హోటల్లో ఒకే రోజు పొంతన లేని పది సదస్సులు పెట్టడం, పత్రాల ఎంపికకు బాధ్యత వహించే ప్రోగ్రాం చైర్ ఎవరో చెప్పకపోవడం వీటి గుర్తులు. ఇకపై ఎవరైనా అనుమతి అడిగినా ఈ మూడూ చూసి, పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో రాయించుకుని ఒప్పుకోండి. గడువు లేకుండా ఇచ్చిన పేరు ఏటా కొత్త బ్రోషర్‌లోకి దానంతటదే ఎక్కుతుంది.

నిజాయితీగా సదస్సు నడిపేవారికీ ఇక్కడ ఒక మాట. పోయిన ఏడాది జాబితాను కాపీ చేసి ఈ ఏడాది బ్రోషర్‌లో అతికించడం చిన్న పొరపాటుగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి ఫీజు కట్టేది నెలనెలా ఫెలోషిప్ కోసం ఎదురుచూసే పిల్లలు. ప్రతి పేరుకూ ఆ ఏడాది సమ్మతి మెయిల్ ఫోల్డరులో ఉండాలి. లేకపోతే ఆ పేరు వేయకూడదు.

ప్రశ్న: మా సలహా సంఘంలో తేదీల దగ్గరే తలకో మాట. ఒకరు అక్టోబరు అంటారు, ఒకరు డిసెంబరు మొదటి వారం అంటారు, ఇంకొకరు ఫిబ్రవరి. విశాఖలో ఏ తేదీలు మంచివి?
— అసిస్టెంట్ ప్రొఫెసర్, గాజువాక

జవాబు: బయటి ఊరి సలహాదారుకు ఇక్కడి వాతావరణం, పండుగలు తెలియవు. అందుకే తేదీల విషయంలో స్థానిక సభ్యుడి మాటకు బరువు ఎక్కువ ఇవ్వాలి.

అక్టోబరు వద్దు. బంగాళాఖాతంలో తుపాన్ల కాలం అది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికే వచ్చింది. రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు, విమానాశ్రయం దెబ్బతింది. నవంబరులోనూ ముప్పు ఉంటుంది. అప్పుడే పెట్టక తప్పదనుకుంటే హాలు ఒప్పందంలో తుపాను వస్తే అడ్వాన్సు ఏమవుతుందో రాయించండి, అన్ని సెషన్లనూ ఆన్‌లైన్‌కు మార్చే ఏర్పాటు ముందే సిద్ధం చేసి ఉంచండి.

డిసెంబరు 4 నేవీ డే. ఆర్కే బీచ్‌లో విన్యాసాలు, అంతకుముందు రిహార్సల్సు, బీచ్ రోడ్డులో ట్రాఫిక్ ఆంక్షలు. మీ వేదిక ఏయూ కన్వెన్షన్ సెంటరో, అతిథుల బస బీచ్ రోడ్డు హోటళ్లలోనో అయితే ఆ వారం కష్టం. విన్యాసాలు అన్నేళ్లూ అదే తేదీన జరగవు. 2025లో అవి జనవరి 4న జరిగాయి. అందుకే ఖాయం చేసే ముందు ఆరా తీయండి. ఫిబ్రవరిలో ఇంకో చిక్కు. 2016లో పలు దేశాల యుద్ధనౌకలు వచ్చిన అంతర్జాతీయ ఫ్లీట్ రివ్యూ, 2022లోనూ 2024లోనూ పలు దేశాల నౌకాదళాల మిలన్ విన్యాసాలు ఫిబ్రవరిలోనే మొదలయ్యాయి. అలాంటి వారాల్లో హోటల్ గది దొరకదు, దొరికినా మీ బడ్జెట్లో ఉండదు.

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. సంక్రాంతి దాకా పెళ్లిళ్లుండవు కాబట్టి హాళ్లు, వంటవాళ్లు, షామియానాలు సులువుగా కుదురుతాయి. ఈ లాభం చూసి చాలామంది డిసెంబరు ఆఖరివారం పెడతారు. అప్పుడు అరకు వెళ్లే పర్యాటకులతో హోటళ్లు, రైళ్లు నిండిపోతాయి. డిసెంబరు 16 నుంచి 22 లోపు అయితే రెండూ కలిసొస్తాయి, మీ సెమిస్టర్ పరీక్షలు అప్పటికి అయిపోతే. లేదంటే సంక్రాంతి రద్దీ తగ్గాక జనవరి 20 నుంచి 25 మధ్య. మా ఓటు దీనికే.

ఏప్రిల్, మే ఉక్కపోతలో సదస్సు పెట్టొద్దని ఈ ఊరివారికి చెప్పనక్కర్లేదు. జూలైలో పెట్టేవాళ్లు ఆషాఢ పౌర్ణమి ఎప్పుడో చూసుకోవాలి. దానికి ముందురోజు మొదలయ్యే సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. హనుమంతవాక, ఇసుకతోట, మద్దిలపాలెం, కంచరపాలెం, ఎన్ఏడీ మీదుగా లక్షల మంది నడుస్తారు. ఆ సాయంత్రం ఎయిర్‌పోర్టుకో స్టేషనుకో అతిథిని చేర్చడం మీ తరం కాదు.

ప్రశ్న: సలహా సంఘం, టెక్నికల్ ప్రోగ్రాం కమిటీ ఒకటేనా? మా సలహా సంఘ సభ్యులొకరు తమ విద్యార్థి పత్రం గురించి నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. పెద్దవారు, కాదనలేకపోతున్నాను.
— ప్రోగ్రాం చైర్, ఎంవీపీ కాలనీ

జవాబు: ఒకటి కాదు, కాకూడదు. ఎలాంటి సదస్సు కావాలో చెప్పేది సలహా సంఘం. ఏ పత్రం తీసుకోవాలో తేల్చేది ప్రోగ్రాం కమిటీ. ఈ రెండింటి మధ్య గోడ లేకపోతే మీకు వచ్చినలాంటి ఫోన్లే వస్తాయి. పత్రాలు, మార్కులు, పరిశీలకుల పేర్లు సలహాదారులకు కనిపించకూడదు. వారికి చేరాల్సినవి మొత్తం లెక్కలు మాత్రమే: ఎన్ని వచ్చాయి, ఎన్ని తీసుకున్నాం, ఒక్కో పత్రాన్ని ఎంతమంది చదివారు.

ఆ లెక్కల మీద మాత్రం సలహాదారులు గట్టిగా అడగాలి. 160 పత్రాలు వస్తాయనుకోండి. ఒక్కోటి ముగ్గురు చదవాలంటే 480 పరిశీలనలు. ఒక మనిషి ఐదు పత్రాలకు మించితే శ్రద్ధగా చదవలేడు. అంటే 96 మంది కావాలి. ఒప్పుకున్నవారిలో పది మందికి ఒకరిద్దరు గడువు తప్పుతారు కాబట్టి 115 మందిని పోగు చేసుకోవాలి. చాలా సదస్సుల్లో 30 మందే ఉంటారు. అప్పుడు రివ్యూలో 'బాగుంది, అంగీకరించవచ్చు' అన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ ఉండదు. కొరత కనబడితే గడువు దాటక ముందే, జూన్ మీటింగులో, 'మీరు ఒక్కొక్కరు ఐదుగురు పరిశీలకుల పేర్లు ఇవ్వండి' అని సలహాదారులను అడగండి. తొమ్మిది మంది ఇస్తే 45 మంది వచ్చినట్టే. వాళ్ల పరిచయాలు సదస్సుకు అక్కరకొచ్చే చోటు ఇది.

ఆ పెద్దమనిషికి జవాబు మీ సొంత మాటగా కాక నియమంగా చెప్పండి. 'సార్, మీ సంస్థ పత్రాలు సాఫ్ట్‌వేర్లో మీకు సంబంధించినవిగా గుర్తుపెట్టాం. వాటి గురించి నేను కూడా మాట్లాడకూడదు.' పత్రాలు తీసుకుని పరిశీలనకు పంచే మైక్రోసాఫ్ట్ సీఎంటీ, ఈజీచైర్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఈ సదుపాయం ఉంది. ఒకే సంస్థ, గైడు-విద్యార్థి సంబంధం, గత మూడేళ్లలో కలిసి రాసినవారు, బంధుత్వం అన్న నాలుగింటినీ పరిశీలన మొదలయ్యే ముందే నమోదు చేస్తే పత్రం వారి దగ్గరికే వెళ్లదు. నియమాన్ని మొదటి సమ్మతి ఉత్తరంలోనే రాసి ఉంటే మీరు మొహమాటపడాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడైనా సభ్యులందరికీ ఒకేసారి పంపండి, ఆయన ఒక్కరికే అయితే నొచ్చుకుంటారు. సలహాదారుల విద్యార్థులు పత్రాలు పంపొచ్చు. ఉత్తమ పత్రం బహుమతికి మాత్రం వాటిని లెక్కలోకి తీసుకోకపోవడం మంచిది.

ప్రశ్న: నేను ఒక సదస్సు సలహా సంఘంలో ఉన్నాను. ప్రారంభ సభ కుదించమని ముందే చెప్పాం. వినలేదు. 10కి మొదలై ఒంటిగంట దాకా సాగింది. దూరం నుంచి వచ్చిన శాస్త్రవేత్తకు ఇరవై నిమిషాలు మిగిలాయి. మాట చెల్లనప్పుడు సంఘంలో ఎందుకుండాలి?
— సీతమ్మధార

జవాబు: మీ బాధ న్యాయమైనది. అయితే 'కుదించండి' అన్న సలహాను కన్వీనర్ యాజమాన్యం దగ్గరికి తీసుకెళ్లలేడు. లెక్క వేసి ఇస్తే తీసుకెళ్లగలడు. వేదిక మీద తొమ్మిది మంది, ఒక్కొక్కరు ఏడు నిమిషాలు మాట్లాడితే 63 నిమిషాలు. శాలువా, మెమెంటో, ఫోటో కలిపి మనిషికి రెండు నిమిషాల చొప్పున 18. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతం 15. సావనీరు ఆవిష్కరణ 5. ముఖ్య అతిథి ఆలస్యం కనీసం 30. మొత్తం 131 నిమిషాలు, ఎవరూ అదనంగా ఒక్క మాట మాట్లాడకపోయినా. పట్టికలో మాత్రం 45 నిమిషాలని రాసి ఉంటుంది.

విరుగుడు ఉంది. ఉదయం 9 గంటలకు తిన్నగా ముఖ్య ప్రసంగం పెట్టి, ప్రారంభ సభను 11.30కి జరపండి. అతిథి ఆలస్యమైనా నష్టపోయేది ఉండదు. వెనకాల భోజనం ఉంది కాబట్టి సభ దానంతటదే ముగుస్తుంది. వేదిక మీద ఐదుగురు, మాట్లాడేది ముగ్గురు. మిగతావారికి గౌరవం తగ్గకుండా మొదటి వరుసలో పేరున్న కుర్చీలు వేసి, నిలబెట్టి పరిచయం చేస్తే చాలు. మొదటిసారి యాజమాన్యం జంకుతుంది. ఒక్కసారి చూశాక పాత పద్ధతి అడగరు.

తుది నిర్ణయం నిర్వాహకులదే అన్నదీ ఒప్పుకోవాలి. డబ్బుకు, అతిథుల భద్రతకు జవాబుదారీ వాళ్లు. కానీ సలహాను పక్కనపెడితే కారణం చెప్పాల్సిన బాధ్యత వాళ్లకుంది. పత్రాల నాణ్యత, వక్తల ఎంపిక లాంటి విద్యాసంబంధమైన విషయాల్లో కారణం చెప్పకుండా పదేపదే తోసిపుచ్చితే పేరు తీసేయమని రాసి బయటకు రండి. అది అలక కాదు. మీ పేరు చూసి వచ్చేవారికి మీరివ్వాల్సిన మర్యాద అది.

ప్రశ్న: మాది అనకాపల్లి దగ్గర డిగ్రీ కళాశాల. తెలుగు శాఖలో ఉత్తరాంధ్ర కథ మీద ఒకరోజు సదస్సు, 60 మంది. ఇంత చిన్నదానికి సలహా సంఘం అవసరమా?

జవాబు: ముగ్గురు చాలు, కానీ ఆ ముగ్గురూ కావాలి. ఇలాంటి సదస్సుల్లో పదేపదే జరిగే తప్పు ఒకటుంది. 25 పత్రాలు వస్తే అందులో పన్నెండు ఒకే కథకుడి మీద, అవీ పేరుపొందిన రెండు మూడు కథల మీదే ఉంటాయి. మధ్యాహ్నానికి విన్నదే వింటూ సభ నిద్రపోతుంది. పిలుపు పంపకముందే సలహాదారులు కూర్చుని 30 ఉపాంశాల పట్టిక తయారుచేయాలి: యాస, గిరిజన జీవితం, మత్స్యకారులు, వలస, జూట్ మిల్లులు, స్త్రీల కథలు, పాత పత్రికల్లో ఉండిపోయినవి. ఒక్కో అంశం ఒక్కరికే, ముందు అడిగినవారికి. శ్రీకాకుళంలోని కథానిలయంలో వెతికిన అనుభవం ఉన్నవారు ఒకరుంటే ఏ కథ ఎక్కడ దొరుకుతుందో రాసేవాళ్లకు దారి చూపిస్తారు. మిగతా ఇద్దరిలో ఒకరు భాషాశాస్త్రం తెలిసినవారైతే మేలు.

చదివే సమయం 12 నిమిషాలు, చర్చకు 3. పత్రాన్ని గడియారం ముందు పెట్టుకుని పైకి చదివి చూసుకుని రమ్మని పిలుపులోనే రాయండి. ఇరవై పేజీలు తెచ్చి 'సమయాభావం వల్ల' అంటూ పేజీలు తిప్పేసే బాధ తగ్గుతుంది.

ప్రశ్న: సలహాదారులకు ఏమైనా ఇవ్వాలా? — ఒక కోశాధికారి

జవాబు: సభ్యత్వానికి డబ్బు ఇవ్వొద్దు. ఇచ్చినరోజున అది సలహా కాదు, కొలువు. రప్పిస్తే మాత్రం మీ సంస్థ నిబంధనల ప్రకారం ప్రయాణ భత్యం (టీఏ), బస, వచ్చిన రోజే ఫారం నింపించి వారంలో చెల్లింపు. ఆరు నెలల తర్వాత చెక్కు పంపే సంస్థకు రెండోసారి ఎవరూ రారు. వారిలో ఎవరైనా ప్రసంగిస్తే ఆ గౌరవ వేతనం వేరే ఖాతా. రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించండి, సదస్సు వ్యాసాల సంపుటి (ప్రొసీడింగ్స్) ప్రతి ఒకటి పంపండి, పని వివరం రాసిన ధ్రువపత్రం ఇవ్వండి. 'సభ్యులుగా ఉన్నారు' అని కాక 'నాలుగు సమావేశాల్లో పాల్గొన్నారు' అని రాస్తే యువ అధ్యాపకులకు ఉపయోగం. సలహాదారు ఎవరైనా విదేశీ కంపెనీ నుంచి స్పాన్సర్‌షిప్ తెస్తానంటే వెంటనే ఒప్పుకోకండి. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. ముందు మీ ఫైనాన్స్ అధికారిని అడగండి.

ప్రశ్న: విదేశీ సలహాదారుల వల్ల నిజంగా ప్రయోజనం ఉందా? మీటింగుకు సమయమే కుదరడం లేదు. ఇద్దరిని సదస్సుకు రప్పించాలనుకుంటున్నాం కూడా.
— ఆర్గనైజింగ్ సెక్రటరీ, రుషికొండ

జవాబు: పేరు పక్కన దేశం పేరు కనిపించడానికే అయితే లేదు. వాళ్ల దగ్గరి నుంచి కావాల్సినవి రెండు: మనకు తెలియని వక్తల పేర్లు, వ్యాసాల మీద నిర్మొహమాటమైన అభిప్రాయం. సమయం సంగతికొస్తే మన సాయంత్రం 6.30 పెట్టి చూడండి. చలికాలంలో న్యూయార్కులో ఉదయం 8, లండన్‌లో మధ్యాహ్నం 1. వేసవిలో అక్కడ గంట ముందుకు జరుగుతుంది. జపాన్ వారికి రాత్రి 10 అవుతుంది కాబట్టి వారి అభిప్రాయం ముందే రాతలో తీసుకోండి.

రప్పించడానికి టూరిస్టు వీసా సరిపోదు. సదస్సు వీసా కావాలి. దానికి విదేశాంగ శాఖ నుంచి రాజకీయ అనుమతి, అవసరమైనచోట కేంద్ర హోం శాఖ నుంచి కార్యక్రమ అనుమతి మీరే తెచ్చి, ఆహ్వానపత్రంతో పాటు వారికి పంపాలి.  పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, నంబరు, జాతీయత తీసుకోండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్లీ మొదటికొస్తుంది. కొన్ని దేశాల పౌరులకు అదనపు పరిశీలన ఉంటుంది. కనీసం నాలుగు నెలల ముందు దరఖాస్తు పెట్టండి. ఆ గడువుకు వక్తల పేర్లు ఖాయం కావాలంటే సలహా సంఘం రెండో మీటింగు ఏప్రిల్, మే దాటకూడదు. ఎక్కువ సదస్సులు చతికిలబడేది ఇక్కడే. పేర్లు అక్టోబరులో తేలతాయి, అనుమతి జనవరిలో కూడా రాదు, చివరికి ఆ ప్రసంగం జూమ్‌లో జరుగుతుంది.

ప్రశ్న: పరిశోధక విద్యార్థులు సలహా సంఘంలో ఉండొచ్చా? మమ్మల్ని ఎప్పుడూ రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గరే నిలబెడతారు.
— పీహెచ్‌డీ విద్యార్థిని, ఆంధ్ర విశ్వవిద్యాలయం

జవాబు: ఉండొచ్చు, ఉండాలి. ఇద్దరైతే మంచిది, ఒక్కరే అయితే పెద్దల మధ్య నోరు పెగలదు. ఒకరు మీ సంస్థ నుంచి, ఒకరు బయటి నుంచి. సదస్సుకు వచ్చేవారిలో సగం మంది మీలాంటివారే అయినప్పుడు ఫీజు ఎంత ఉంటే రాగలరో ప్రొఫెసర్లు ఊహించడం కన్నా మిమ్మల్ని అడగడం మేలు.

మీరు సంఘంలో అడగాల్సినవి చెబుతాం. విద్యార్థి ఫీజులో భోజనం, ప్రొసీడింగ్స్ కలిసి ఉన్నాయా, విడిగానా? ఫీజు కట్టే ఆఖరి తేదీ ఫెలోషిప్ పడే రోజుకు ముందా, తర్వాతా? హాస్టల్ గదులు ఎన్ని, అమ్మాయిలకు ఎక్కడ? రాత్రి విందు రుషికొండ వైపు పెడితే తొమ్మిదిన్నరకు ఆర్టీసీ కాంప్లెక్స్‌కూ, రైల్వే స్టేషనుకూ బస్సు ఎవరు వేస్తారు? చంటిబిడ్డతో వచ్చే తల్లికి ఒక గది ఉందా? పోస్టర్లు పెట్టేచోట గాలి, వెలుతురు ఉన్నాయా, లేక వరండాలో ఎండకెదురుగానా? ఇలాంటివి అడిగేవారు లేకపోతే అవి ఎవరి పనీ కాకుండా పోతాయి.

కౌంటరు పని చిన్నదని కూడా అనుకోకండి. 250 మందికి మూడు కౌంటర్లు, ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి పంచి ఒక్కోదానికి ఇద్దరు. మూడు గదుల్లో గదికి ఇద్దరు, ఒకరు గడియారం చూడటానికి, ఒకరు మైకు, కంప్యూటరుకు. వాహనాలకు నలుగురు, భోజనాల దగ్గర నలుగురు, వక్తల వెంట ముగ్గురు, అదనంగా ముగ్గురు. మొత్తం 26 మంది. ఎవరినీ వరసగా నాలుగు గంటలకు మించి నిలబెట్టకూడదు, ప్రతి ఒక్కరికీ తనకు నచ్చిన ఒక సెషన్ కూర్చుని వినే వీలుండాలి. ఈ వంతుల పట్టిక సదస్సుకు వారం ముందే గోడమీద ఉండాలని మీరు సంఘంలో ఉండి అడిగితే, మీ తర్వాతి బ్యాచ్ వాళ్లు కౌంటరు దగ్గరే రెండు రోజులూ గడిపేయరు.